రాజోలు పలక

పొద్దుట ఏడింటికి ఆవిరి మీంచి దించిన పొట్టిక్కలు పనసాకు బుట్టల్లోనే చల్లారిపోయాయి. అల్లం పచ్చడి మీద ఈగ వాలినా తోలేవాళ్ళు లేరు. బల్ల చుట్టూ ముగ్గురు మనుషులు కూర్చుని, మధ్యలో ఉన్న పలకని చూస్తున్నారు.

అందులోంచి కొండయ్య లెక్క చెబుతున్నాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

కొండయ్య పోయి రెండేళ్ళయింది.

పది దాకా చెప్పి గొంతు ఆగింది. నొక్కినది నమూనా బొత్తాం కాబట్టి అంతకు మించి పలకదు. వీరాయమ్మ చెయ్యి చాచి మళ్ళీ నొక్కింది. మొగుడి గొంతు మళ్ళీ లాభం దగ్గర మొదలైంది.

"అత్తయ్యగారూ, ఇంక చాలండి," అన్నాడు విజయ్ కుమార్. "నిన్నట్నుంచీ ఎన్నిసార్లు విన్నారు?"

"వింటే అరిగిపోతుందా బాబూ?"

అల్లుడు లేచాడు. ఒక కాగితం, దాని మీద కలం తీసుకొచ్చి పెళ్ళాం ముందు పెట్టాడు.

రత్నమాల కిటికీలోంచి బయటికి చూస్తోంది. శ్రావణ మాసపు ముసురు. కొబ్బరాకుల మీంచి నీళ్ళు జారుతున్నాయి గానీ చప్పుడు లేదు. రాజోలు పలకలో తండ్రి గొంతు విన్నప్పట్నుంచీ ఆమెకి అన్నీ నీళ్ళ అడుగునుంచి చూస్తున్నట్టే ఉన్నాయి. ఎవరైనా మాట్లాడితే ఆ మాట తన దాకా రావడానికి కాస్త సేపు పడుతోంది.

"సంతకం పెట్టు రత్నా. పదకొండింటికి సంఘం ప్రెసిడెంటు గారు వచ్చేస్తారు."

"నా చెల్లెల్ని దొంగని రాసేరు ఇందులో."

"మరేమనాలి? తాడు చూసి చేసింది, ఊరుకున్నాం. తొడుగు చూసి చేసింది, ఊరుకున్నాం. ఇది మావయ్యగారి గొంతు. మన దగ్గర తప్ప ఇంకెక్కడుంది అది?"



పట్నాల్లో దాన్ని టాబ్లెట్ అంటారు. కొబ్బరి డిపోల్లో ఆ పేరు ఎవరి నోటికీ పట్టుబడక పలక అయి కూర్చుంది. కాయల్ని ఒక రాశిలోంచి ఇంకో రాశిలోకి విసురుతూ ఉంటే, గుంజకి తగిలించిన పలక తన కంటితో చూసి పైకి లెక్క చెబుతుంది. బోర్డులూ అద్దాలూ ఎక్కడెక్కడి నుంచో డబ్బాల్లో వస్తాయి. వాటిని బిగించి, బుద్ధి నేర్పించి పంపించేవాళ్ళు ఈ చుట్టుపట్ల ఇద్దరే. అమలాపురంలో రత్నమాల, రాజోలులో సత్యశ్రీ. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు కావడమే వచ్చిన చిక్కు.

ఈ నేల మీద కాయల లెక్క ఒకటితో మొదలవదు. మొదటి కాయ లాభం, తరవాతది రెండు. వెనకటికి హైదరాబాదు నుంచి ఎవరో పెద్ద కంపెనీవాళ్ళు పలక తెచ్చి గుంజకి కట్టారు. అది చక్కగా "ఒకటి" అంది. అనగానే ఒలుపువాళ్ళు కాయలు కింద పడేసి టీ తాగడానికి పోయారు. అందుకే రత్నమాల తన పలకకి తండ్రి గొంతు పెట్టింది. కొండయ్య ముప్ఫయ్యేళ్ళు మలికిపురం డిపోలో లెక్క చెప్పినవాడు. ఆయన గొంతు వింటే పనివాళ్ళ చేతులు వాటంతట అవే కదిలేవి.

ఏడాది తిరిగేసరికి రాజోలు నుంచి సత్యశ్రీ పలక వచ్చింది. దానిలో మాట్లాడేది ఎవరో ఆడమనిషి. ఇక మొదలైంది పోటీ. రత్నమాల తన పలకని మెడలో వేసుకోవడానికి తాడు పెడితే, నెల తిరక్కుండా రాజోలు పలకకీ తాడొచ్చింది. రాజోలు పలక తడివేళ్ళకి పలికితే, రత్నమాల పదిహేను రోజులు అన్నం మానేసినంత పని చేసి తన పలకకీ ఆ గుణం నేర్పింది. ఎవరు ఎవర్ని చూసి ఏం చేశారో చివరికి వాళ్ళకే గుర్తులేదు. జనానికి మాత్రం అనుమానం లేదు. ముందు వచ్చింది అమలాపురం పలక కాబట్టి అదే అసలు, రాజోలుది నకలు. రత్నమాలకి ఆ మాట మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోవడం అలవాటైంది.

ఇప్పుడు మలికిపురం కొబ్బరి వర్తకుల సంఘం తన డిపోలన్నిటికీ ఒకటే పలక తీసుకుందామని తీర్మానించింది. ఏదన్నది ఈ రోజు తేలుతుంది. కాదనిపించుకున్నవాళ్ళు షెడ్డుకి తాళం వేసుకోవలసిందే. సరిగ్గా ఈ సమయం చూసుకుని సత్యశ్రీ కొత్త పలకలో కొండయ్య గొంతు పలికింది.

"అమ్మా," అంది రత్నమాల, కిటికీ మీంచి చూపు తిప్పకుండానే. "నిజం చెప్పు. నువ్విచ్చేవా?"

"ఏమిస్తానే? నాకు ఆ పెట్టె తెరవడమే రాదు."

"పోయిన నెల దాని దగ్గరికెళ్ళి వారం రోజులున్నావు."

"ఉంటాను. అదీ నా కూతురే. పూతరేకుల పెట్టె, ఒక పనసకాయ పట్టుకెళ్ళేను. ఇంకేం పట్టుకెళ్ళలేదు."

"నీకు మొదట్నుంచీ అదంటేనే ప్రేమ."

"ఏం మాటే అది?"

"ఉన్నమాటే. దాని మొగుడు ఖతార్‌లో, అది ఒంటరిది, దానికి పాపం. నాకేం, నాకన్నీ ఉన్నాయి!"

వీరాయమ్మ ఏదో అనబోయి అల్లుడి వైపు చూసింది. అల్లుడు పొట్టిక్కల వైపు చూశాడు. ఆవిడ నోరు మూసుకుంది. 

రత్నమాల లేచి రాజోలు పలక అందుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు విజయ్ కుమార్.

"షెడ్డులోకండి. సంతకం పెట్టేముందు సరుకు చూడొద్దా?"

"చూడ్డానికేముంది అందులో?" అన్నాడతను గట్టిగా. అతను ఆమె మీద గొంతు పెంచడం తక్కువ. ఆమె ఆగలేదు.

*

ఆదివారం కాబట్టి పనమ్మాయిలు రాలేదు. షెడ్డు రేకుల మీద ముసురు పడుతూనే ఉంది. పక్కన అరటితోటలోంచి వచ్చే వెలుగు పచ్చగా, పల్చగా బల్లల మీద పరుచుకుంది. మూలన పరీక్షకి వాడే ఎండుకాయల రాశి ఉంది. రత్నమాల పలకని మేకుకి తగిలించి, కొంగు బిగించి, రెండు చేతులా కాయలు తీసుకుంది.

ఒక కాయ విసిరింది.

"లాభం," అన్నాడు నాన్న.

రెండోది, మూడోది. విసురుతున్న కొద్దీ చేతులకి లయ కుదిరింది. ముప్ఫై దాటాక ఆమెకి ఏదో తేడా తెలిసింది. నలభై దగ్గర అదేమిటో తెలిసింది. ఈ గొంతులో దగ్గు లేదు.

రత్నమాల రికార్డు చేసింది తండ్రి ఆఖరి వానాకాలంలో. ఆయన మంచం మీద దిండుకి ఆనుకుని, రెండంకెలకోసారి దగ్గుతూ చెప్పాడు. ఆ దగ్గులన్నీ కోసి తీసెయ్యడానికి ఆమెకి మూడు వారాలు పట్టింది. దగ్గు తీసినా అలసట పోలేదు. ఈ గొంతుకి అలసటే లేదు. పంచె ఎగ్గట్టి, తలకి తువ్వాలు చుట్టి నిలబడ్డ మనిషి గొంతు. వెనకాల ఎక్కడో కాయలు ఒలుస్తున్న చప్పుడు కూడా వినిపిస్తోంది.

ఇది తన రికార్డు కాదు.

ఆ సంగతి తెలిశాక ఆగిపోవచ్చు. ఆమె ఆగలేకపోయింది. డెబ్భై, ఎనభై. రాశి అయిపోతే అవతలి రాశిలోంచి ఇటు విసరడం మొదలుపెట్టింది. తనకి పదేళ్ళు, కేరేజీ పట్టుకుని డిపో గట్టు మీద కూర్చుంది, నాన్న లెక్క అయ్యేదాకా అన్నానికి రాడు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. చేతిలో కాయ గాలిలోకి వదిలింది.

అద్దం మీద నూరు అంకె పడింది.

"రత్నమాలా!" అన్నాడు నాన్న.

ఆమె కింద కూర్చుండిపోయింది.

డిపోలో కొండయ్య వంద అనేవాడు కాదు. మొదటి వందకి పెద్దకూతురి పేరు, రెండో వందకి చిన్నకూతురి పేరు, మూడో వందకి పెళ్ళాం పేరు. ముగ్గురూ అయ్యాక మళ్ళీ పెద్దకూతురు. ఆ ముగ్గుర్నీ పిలుచుకుంటూ బతుకంతా లెక్క చెప్పాడు. రికార్డు చేసిన రోజు కూడా అడిగాడు, వందకేమనమంటావమ్మా అని. వంద అనే చెప్పు నాన్నా, అందరికీ తెలియాలిగా, అంది తను. ఆయన వంద అన్నాడు. అన్నాక చాలాసేపు దగ్గాడు.

సత్యశ్రీ తన సరుకులోంచి పోటీదారు పేరు తీసెయ్యలేదు. అది తలుచుకుని రత్నమాలకి ఏడుపొచ్చింది. పదకొండు నెలలుగా మాటల్లేని చెల్లెలి నంబరు నొక్కింది.

"చెప్పక్కా," అంది సత్యశ్రీ. పలకరింపు కూడా లేదు.

"నాన్న గొంతు ఎప్పుడు పట్టేవే?"

"నాలుగేళ్ళయింది. ఆయన డిపో మానేసే ముందు వారం. నా పాత ఫోనులో."

"మరి ఇన్నాళ్ళూ నీ పలకలో ఎవరో ఆడమనిషి మాట్లాడిందేం?"

"నీ పలకలో నాన్న మాట్లాడుతున్నాడు కదా. మళ్ళీ నేను పెడితే చూసి చేసిందంటారని మానేసేను. ఎలాగూ అంటున్నారు కదా, ఇంక నాకెందుకు సిగ్గని ఇప్పుడు పెట్టేను."

"నాకు చెప్పొచ్చు కదే, నా దగ్గర ఇలా ఉందని."

అవతల నవ్వు వినిపించింది. మంచి నవ్వు కాదు.

"చెప్పేనక్కా. గొంతు సంగతే కాదు, మొత్తం చెప్పేను. కాయలు చూసి లెక్క చెప్పే పలక చేద్దామని ఏడాది పాటు పుస్తకంలో బొమ్మలు గీసి, రాసుకున్నాను. మలికిపురంలో మనింట్లోనే బావగారికి చూపించేను. అక్కా నేనూ కలిసి చేస్తాం, అక్కకి మీరు చెప్పండి అన్నాను."

"ఏమన్నారు?"

"ఇవి నడవవమ్మా అన్నారు. ఆరు నెలలకి నీ పలక వచ్చింది. నా పుస్తకంలో గుంజ ఎక్కడ గీసేనో నీ పలకా అక్కడే తగిలించేరు."

ముసురు ఒక్క క్షణం ఆగినట్టయి మళ్ళీ మొదలైంది.

"నన్ను ఒక్క మాట అడగలేదేం?"

"నువ్వు తెలిసే చేసేవనుకున్నాను. తెలిసి చేసిన అక్కని ఏమడుగుతాను?"

"నాకు తెలీదే. మీ బావ తన ఆలోచనే అన్నారు."

 ఎక్కడో స్క్రూలు బిగిస్తున్న చప్పుడు, ఎవరో ఆడపిల్ల నవ్వు, ఇవతలికి వినిపించాయి.

"తెలీదా?" అంది చివరికి, చిన్నప్పటి గొంతుతో.

"అమ్మ తోడు."

"అక్కా, ప్రెసిడెంటు గారు అక్కడికొచ్చేక ఇక్కడికొస్తారట. నన్ను దొంగంటావా?"

రత్నమాల జవాబు చెప్పే లోపల వాకిట్లో కారు ఆగింది.

*

ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు గొడుగు ముడిచి గుమ్మం పక్కన ఆనించి, కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చారు. నిదానస్తుడు. కాఫీ గ్లాసు చేతికొచ్చేదాకా వానల గురించీ కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించీ మాట్లాడారు.

"అమ్మా, మీ నాన్న కొండయ్య నా చిన్నప్పట్నుంచీ ఎరికండి," అన్నారు చివరికి. "ఆయన గొంతు రెండు పలకల్లోనూ ఉంటే సంఘం ఏం చెయ్యాలి? మీ ఆయన ఫోనులో దొంగతనం అన్నారు. అదే నిజమైతే రాజోలు పలక మాకొద్దండి. మీ నోటితో ఒక్క మాట చెప్పండి. ఆ గొంతు మీ దగ్గర్నుంచి వెళ్ళిందేనా?"

విజయ్ కుమార్ కలం మూత తీసి పెళ్ళానికి అందించాడు. తీసిన మూత ఏ జేబులో వెయ్యాలో తెలియక అతను తడుముకోవడం రత్నమాల చూసింది. అతని మీద ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ముందు జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ కోపమొచ్చింది.

"కాదండి," అంది.

"రత్నా!"

"ఆ గొంతు మా చెల్లెలు నాకంటే ముందు పట్టిందండి. ఈ పలక చెయ్యాలన్న ఆలోచనా దానిదేనండి. నకలు మాదండి."

వీరాయమ్మ చేతి గాజులు బల్లకి తగిలి చప్పుడయ్యాయి.

ప్రెసిడెంటు గారు గ్లాసు కింద పెట్టారు. "ఆ మాట రాసిస్తారా అమ్మా? నోటిమాట మీద సంఘంలో నడవదండి. రేపు నలుగురూ నన్నడుగుతారు."

"ఆయ్, రాసిస్తానండి."

"ఆ కాగితం వెళ్తే మన షెడ్డు మూతే," అన్నాడు విజయ్ కుమార్. "ఎనిమిదిమంది ఆడపిల్లలు రేపట్నుంచి ఏం చెయ్యాలి? నువ్వేం చేస్తావు?"

"తెలీదండి. మీకు తెలుసా?"

"నేను వరండాలో కూర్చుంటానమ్మా," అని ప్రెసిడెంటు గారు లేచి వెళ్ళిపోయారు. పెద్దమనిషి అంటే అదీ.

రత్నమాల దొంగతనం కాగితాన్ని బోర్లించి వెనక వైపు రాయడం మొదలుపెట్టింది. చెల్లెలి పేరు రాసింది. పుస్తకం సంగతి రాసింది. ఆ పుస్తకం చూసి ఆలోచన మా ఇంటికి తెచ్చినవారు, అని రాసి అక్కడ ఆగిపోయింది. తరవాత పడవలసింది మొగుడి పేరు. ఆ పేరు ఈ కాగితం మీద పడితే, చచ్చేదాకా ఈ ఊళ్ళో అతన్ని ఏమని పిలుస్తారో ఆమెకి తెలుసు.

"ఎందుకు చేసేరండి?" అంది తల ఎత్తకుండా.

విజయ్ కుమార్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ పలకకి ముందు నువ్వు చేసిన బడిపిల్లల పలక నడవక మూలపడింది గుర్తుందా? నాలుగు నెలలు నువ్వు మంచం దిగలేదు. తల దువ్వుకోలేదు. నేను మాట్లాడిస్తే గోడవైపు తిరిగేదానివి."

"గుర్తుంది. అందుకని చెల్లెలిది ఎత్తుకొచ్చేరా?"

"నేను ఎత్తుకురాలేదు."

"మరి?"

అతను అత్తగారి వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. అతను చూసి కూడా చూడనట్టు మాట్లాడాడు.

"ఆ రోజు సత్యశ్రీ పుస్తకం నా చేతికిచ్చి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. మావయ్యగారు పక్కనే ఉన్నారు. 'బాబూ, ఇది పెద్దదానికియ్యి. చిన్నది గట్టిది, ఇంకోటి కనిపెట్టుకుంటుంది. ఇది లేకపోతే పెద్దది మనకి దక్కదు' అన్నారు. నేను కుదరదన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు రత్నా."

"మా నాన్న అలా అనడు."

"చిన్నదానికి ఎప్పటికీ తెలియకూడదని ఒట్టేయించుకున్నారు. నా ఒక్కడి చేతే కాదు."

రత్నమాల తల్లి వైపు తిరిగింది. వీరాయమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

"అమ్మా?"

 ఆవిడ కూతురి వైపు చూడలేదు.

"అల్లుడి పేరైనా రాయి. నా పేరైనా రాయి," అంది. "ఆయన సంగతి మాత్రం చిన్నదానికి చెప్పకే. దానికి నమ్ముకోడానికి నాన్న ఒక్కడే మిగిలేడు."

రత్నమాల కలం 'తెచ్చినవారు' అన్న మాట పక్కనే ఆగి ఉంది. వరండాలో కుర్చీ కదిలింది.

"అయిందా అమ్మా?" అని అడిగారు ప్రెసిడెంటు గారు.